బ్రేక్ లైట్లు ఆరకపోతే: స్టాపరా, స్విచ్చా, పెడలా, వైరింగా?

కారు ఆపి, తాళంచెవి తీసుకుని, తలుపు వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కి తిరిగి చూస్తే బ్రేక్ లైట్లు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. పెడల్ మీద ఎవరి కాలూ లేదు. ఇలాంటి స్థితిలో చాలామంది నేరుగా బ్రేక్ స్విచ్ మార్పిస్తారు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. కానీ ఇదే లక్షణం ఐదారు వేర్వేరు చోట్ల పుట్టిన లోపాల వల్ల కనిపిస్తుంది. వాటిలో ఒకటి గోరంత ప్లాస్టిక్ ముక్కతో తీరిపోయేది కాగా, మరొకటి కారును అసలు రోడ్డు మీదికి తీయకూడనంత ప్రమాదకరమైనది. కాబట్టి లైటును ఏదో ఒక విధంగా ఆర్పడం కాకుండా, అది ఏ చోటి లోపం వల్ల వెలుగుతున్నదో తేల్చుకుని, ఆ చోటికి తగిన మరమ్మతును ఎంచుకోవడానికి ఉపయోగపడేలా ఈ పోలికను రాస్తున్నాను.

ఆరని బ్రేక్ లైటు చిన్న విషయమని వదిలేయడానికి వీల్లేదు. వెనక వచ్చే వాహనదారుకు మనం నిజంగా ఎప్పుడు ఆగుతున్నామో తెలియదు. క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే వేగాన్ని నిలిపి ఉంచే ఏర్పాటు) ఉన్న కారులో అది పనిచేయడం మానేస్తుంది, ఎందుకంటే డ్రైవరు ఎప్పుడూ బ్రేక్ తొక్కుతున్నాడని కారు అనుకుంటుంది. ఆటోమేటిక్ గేర్ కార్లలో బ్రేక్ తొక్కనిదే పార్కింగ్ స్థానం నుంచి గేర్ కదలకూడదన్న భద్రతా ఏర్పాటు ఉంటుంది; స్విచ్ సంకేతం ఆగకుండా వస్తూనే ఉంటే ఆ అడ్డు తొలగిపోయి, పిల్లల చేయి తగిలినా గేర్ మారే అవకాశం ఏర్పడుతుంది. ఇక బ్యాటరీ సంగతి లెక్కతో చూడవచ్చు. రెండు 21 వాట్ల బల్బులు కలిసి 42 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్ల కరెంటు. పూర్తిగా చార్జయిన 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ సైతం లెక్క ప్రకారం దాదాపు 13 గంటల్లో ఖాళీ అవుతుంది, ఇంజన్ను తిప్పే శక్తి అంతకు చాలా ముందే పోతుంది. మూడో బ్రేక్ లైటు కూడా బల్బుదే అయితే గడువు ఇంకా తగ్గుతుంది.

ఈ రాత్రికి ఏం చేయాలి?

అసలు మరమ్మతు రేపటికి వాయిదా పడితే, తెల్లవారేసరికి బ్యాటరీ మిగలాలంటే మూడు మార్గాలున్నాయి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం, బ్రేక్ లైట్ల ఫ్యూజ్ తీయడం, పెడల్ దగ్గర స్విచ్ కనెక్టర్ ఊడదీయడం. నా ఎంపిక మొదటిదే. గడియారం, రేడియో అమరికలు పోవచ్చు, కొన్ని కార్లలో అద్దాల మోటార్లకు మళ్లీ హద్దులు నేర్పవలసి రావచ్చు. అయినా ఆ తీగ బిగించనిదే కారు కదలదు కాబట్టి మరచిపోయే ప్రమాదం లేదు. ఫ్యూజ్ తీయడం సులభమే, కానీ పొద్దున హడావిడిలో దాన్ని మళ్లీ పెట్టడం మరచిపోతే బ్రేక్ లైట్లు ఒక్కటీ వెలగని కారును నడుపుతాం, అది ఎప్పుడూ వెలిగే లైటు కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. అదే ఫ్యూజ్ మీద హారన్ వంటివి కూడా ఉండవచ్చు. స్విచ్ కనెక్టర్ ఊడదీసినా ఇదే చిక్కు. పైగా స్విచ్ నుంచి సంకేతం రాకపోతే భద్రత కోసం లైట్లను వెలిగించే ఉంచే కార్లు కూడా ఉన్నాయి. ఫ్యూజ్ మార్గాన్నే ఎంచుకుంటే తీసిన ఫ్యూజ్‌ను స్టీరింగుకు టేపుతో అంటించి ఉంచండి.

లోపం కానిదాన్ని లోపమనుకోకుండా

ఇంజన్ నడుస్తుండగా, కారు ఆగి ఉండగా మాత్రమే లైట్లు వెలుగుతుంటే ఆటో హోల్డ్ పనిచేస్తూ ఉండవచ్చు; కాలు తీసినా బ్రేకులను అదే పట్టి ఉంచుతుంది కనుక లైట్లు వెలగడమే సరైనది. విద్యుత్ కార్లలో, హైబ్రిడ్ కార్లలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే వేగాన్ని తగ్గిస్తుంది. ఐక్యరాజ్య సమితి వాహన నియమాల ప్రకారం ఆ తగ్గుదల సెకనుకు సెకనుకు 1.3 మీటర్లు మించితే, పెడల్ తొక్కకపోయినా బ్రేక్ లైట్లు వెలగాలి. ఈ రెండింటిలో ఏదీ కారు ఆపేసి తాళం వేశాక కొనసాగదు. కొనసాగితే అది లోపమే.

తరువాత హెడ్‌లైట్ల మీటను పూర్తిగా ఆపి చూడండి. పార్కింగ్ లైట్లు వేసినప్పుడు మాత్రమే బ్రేక్ లైట్లు వెలిగి, అవి ఆపగానే ఆరిపోతే పెడల్ వైపు వెళ్లవలసిన పనే లేదు. వెనక ల్యాంపులో 21 వాట్ల, 5 వాట్ల తీగలు రెండూ ఒకే బల్బులో ఉండే కార్లలో, తెగిన తీగ ఒకటి రెండో దానికి అతుక్కున్నా, ఒక తీగ మాత్రమే ఉన్న తప్పు బల్బును బలవంతంగా అదే హోల్డరులో పెట్టినా, ల్యాంపు ఎర్తు తుప్పు పట్టినా పార్కింగ్ లైటు కరెంటు బ్రేక్ తీగలోకి దారి తీసుకుంటుంది. దీనికి మరో గుర్తు ఉంది. లైట్లన్నీ ఆపి ఉన్నప్పుడు బ్రేక్ తొక్కితే డాష్‌బోర్డు లోపలి దీపాలు వెలుగుతాయి. బల్బు మార్చడం, హోల్డరును గీకి శుభ్రం చేయడం, ఎర్తు బోల్టును విప్పి మళ్లీ బిగించడం, ఇంతకు మించిన మరమ్మతు ఇక్కడ అక్కర్లేదు. బల్బుల స్థానంలో ఎల్ఈడీలు పెట్టించుకున్నాక అవి ఎప్పుడూ మసకగా మిణుకుతుంటే, బల్బు బాగుందో లేదో చూడడానికి కారు పంపే చిన్న కరెంటే వాటిని వెలిగిస్తూ ఉండవచ్చు; అప్పుడు స్విచ్ మార్చడం వల్ల ఫలితం ఉండదు, ఆ కారు వ్యవస్థకు సరిపోయే ఎల్ఈడీలు గానీ పాత బల్బులు గానీ పెట్టుకోవాలి.

మిగతా లైట్లన్నీ ఆపి ఉన్నా బ్రేక్ లైట్లు వెలుగుతుంటే మూడో బ్రేక్ లైటును, అంటే వెనక అద్దం దగ్గర ఉండే దాన్ని చూడండి. దానికి బ్రేక్ పని తప్ప మరో పని లేదు. చాలా కార్లలో మూడూ ఒకే చోటు నుంచి కరెంటు తీసుకుంటాయి కనుక మూడూ పూర్తి కాంతితో వెలుగుతుంటే లోపం స్విచ్ దగ్గరో, దాని తరువాతి ఉమ్మడి దారిలోనో ఉంది. ఒకే పక్క లైటు వెలుగుతుంటే ఆ పక్క ల్యాంపూ దాని తీగలూ చూడాలి.

పెడల్ దగ్గర మూడు ప్రశ్నలు

ఇక్కడి నుంచి ఇద్దరుంటే మేలు. ఒకరు పెడల్ దగ్గర, మరొకరు వెనక. ఒంటరిగా ఉంటే కారును గోడకు వెనక్కి ఆనించి ఆ ఎర్రని వెలుగును అద్దంలో చూసుకోవచ్చు.

మొదట బ్రేక్ పెడల్ కింద బొటనవేలు పెట్టి పైకి ఎత్తండి. లైట్లు ఆరితే, పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు లేదా స్విచ్ అమరిక కొద్దిగా జారింది. ఆరకపోతే టార్చి వేసి పెడల్ పైభాగాన్ని చూడండి. అక్కడ బ్రాకెట్టుకు బిగించిన చిన్న స్విచ్, దాని మొనకు స్ప్రింగు మీద కదిలే ప్లంజర్ కనిపిస్తాయి. సాధారణంగా పెడల్ విశ్రాంతి స్థితిలో ఉన్నప్పుడు దాని కడ్డీ ఈ ప్లంజర్‌ను లోపలికి నొక్కి ఉంచుతుంది, అప్పుడు లైట్లు ఆరి ఉంటాయి. తొక్కినప్పుడు ప్లంజర్ బయటికి వచ్చి లైట్లు వెలుగుతాయి. అంటే లైటు ఆరి ఉండాలంటే ఏదో ఒకటి ఆ ప్లంజర్‌ను నొక్కుతూ ఉండాలి. వేలితో నొక్కి చూడండి. ఆరితే స్విచ్ బాగానే ఉంది, దాన్ని నొక్కవలసిన వస్తువు లేదు. ఆరకపోతే స్విచ్ కనెక్టర్ ఊడదీయండి. అప్పుడు ఆరితే లోపం స్విచ్‌లోనే ఉన్నట్టు, అప్పటికీ వెలుగుతుంటే అవతల ఉన్నట్టు. సంకేతం రాకపోతే లైట్లను వెలిగించే ఉంచే కార్లలో మాత్రం ఈ పరీక్షతో ఏదీ తేలదు. ముట్టుకోకుండా అయస్కాంతంతో పనిచేసే స్విచ్‌లున్న కార్లకు ఈ వేలి పరీక్ష వర్తించదు.

డాష్‌బోర్డు కింద తల పెట్టే ముందు ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేయండి. మోకాళ్లకు ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ ప్యానెల్ జోలికి పోకుండా పనిని వర్క్‌షాపుకే వదిలేయడం మంచిది.

స్టాపరా, సర్దుబాటా, కొత్త స్విచ్చా?

ఈ మూడింటినీ జనం ఒకదాని బదులు ఒకటి చేసుకునే పనులుగా చూస్తారు. నిజానికి ఒక్కొక్కటి ఒక్కో లోపానికి మందు.

వేలితో నొక్కగానే లైటు ఆరినప్పుడు మొదట అనుమానించవలసింది స్టాపర్‌నే. పెడల్ కడ్డీకి ఉన్న రంధ్రంలో బొత్తాంలా ఇమిడే ప్లాస్టిక్ లేదా రబ్బరు ముక్క ఇది. ప్లంజర్ నేరుగా ఇనుముకు తగలకుండా దీనికి తగులుతుంది. ఏళ్ల తరబడి వేడికీ, దెబ్బలకూ ఇది పెళుసెక్కి ఒకరోజు పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు ప్లంజర్ ఆ ఖాళీ రంధ్రం గుండా బయటికి వచ్చేసి, పెడల్ తొక్కినట్టే సంకేతం ఇస్తుంది. నా పాత కారులో నేను స్విచ్ మార్పించి, కొత్త స్విచ్‌తోనూ లైట్లు ఆరకపోవడం చూసి, ఆ తరువాతే డ్రైవరు పక్క చాప మీద పడి ఉన్న నాలుగు పసుపు పెంకులను గమనించాను. అందుకే చెబుతున్నాను, చాపను ముందు దులపకండి, ముందు చూడండి. కొత్త స్టాపర్ అన్ని మరమ్మతుల్లోకీ చవకైనది, వేలితోనో ప్లయర్‌తోనో రంధ్రంలోకి నొక్కితే కూర్చుంటుంది. క్లచ్ పెడల్‌కు కూడా అదే రకం ముక్క ఉండే కార్లు చాలా ఉన్నాయి. రెండింటి వయసూ ఒకటే కాబట్టి రెండూ ఒకేసారి మార్చుకోవడం తెలివైన పని.

స్టాపర్ దొరికేదాకా ఆ రంధ్రంలో బోల్టు, నట్టు బిగించి నడపడం చాలామందికి తెలిసిన చిట్కా. అట్టముక్క, టేపు చుట్ట కంటే అది నయమే. అయినా నేను దాన్ని ఒకటి రెండు రోజుల ఏర్పాటుగానే అంగీకరిస్తాను. ఇనుప తల ప్లంజర్‌ను అరగదీస్తుంది, తల మందం తేడా వల్ల లైటు వెలిగే సమయం మారుతుంది, నట్టు వదులై ఊడితే అది పడేది సరిగ్గా పెడళ్ల కిందికే.

స్టాపర్ చెక్కుచెదరకుండా ఉండి, పెడల్ పూర్తిగా పైకి వచ్చి ఉండి, ప్లంజర్ మాత్రం కొద్దిగా బయటికి మిగిలిపోతే అప్పుడు సర్దుబాటు సరైన ఎంపిక. మరలున్న స్విచ్‌లలో లాక్ నట్టు వదులు చేసి స్విచ్‌ను పెడల్ వైపు తిప్పుతారు. చాలా కార్లలో స్విచ్ మెడకూ స్టాపర్‌కూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలంటారు, కచ్చితమైన కొలత కారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఈ పనిలో అందరూ చేసే పొరపాటు అతి చేయడం. లైటు ఆరాలన్న పట్టుదలతో స్విచ్‌ను మరీ లోపలికి తిప్పితే అది పెడల్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వదు. మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ తొక్కిన బలాన్ని బ్రేక్ ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగంలో, ఒత్తిడి వదలదు, బ్రేకులు కొంచెం కొంచెంగా పట్టుకునే ఉంటాయి. లైటు ఆరింది కాబట్టి అంతా బాగుందని మనం అనుకుంటాం. సర్దుబాటు చేశాక పెడల్‌ను బొటనవేలితో ఎత్తి, దానికి కొద్దిపాటి ఆట ఉందో లేదో చూడడం తప్పనిసరి. ఒకసారి సరిచేసిన అమరిక కొద్ది వారాల్లోనే మళ్లీ తప్పితే మళ్లీ తిప్పకండి. బ్రాకెట్టు వంగడమో, స్విచ్ మరలు అరగడమో జరిగింది.

తిప్పి లాక్ చేసే రకం స్విచ్‌లకు ఈ సర్దుబాటు ఉండదు. వాటి ప్లంజర్ బిగించేటప్పుడే తన పొడవును తానే నిర్ణయించుకుంటుంది. ఒకసారి తీస్తే మళ్లీ వాడరాదని చెప్పే రకాలు కూడా ఉన్నాయి. బిగించేటప్పుడు పెడల్‌ను తొక్కి పట్టాలా వదిలి ఉంచాలా అన్నది కారును బట్టి మారుతుంది కనుక సర్వీసు పుస్తకం చెప్పిన క్రమాన్నే పాటించాలి.

ప్లంజర్ నొక్కినా ఆరక, కనెక్టర్ తీస్తే ఆరినప్పుడు కొత్త స్విచ్ కొనండి. పాతదాన్ని విప్పి కాంటాక్టులను గీకి, క్లీనర్ చల్లి మళ్లీ పెట్టడంలో నాకు నమ్మకం లేదు. బల్బుల కరెంటంతా స్విచ్ గుండానే వెళ్లే కార్లలో ప్రతి తొక్కుకూ కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ లేస్తుంది, అలా కాలి కరిగి అతుక్కున్న కాంటాక్టు గీకినా మళ్లీ అతుక్కుంటుంది. రేపు అది వెలగకుండా ఉండిపోతే మనకు తెలిసే లోపల వెనకవాడికి తెలుస్తుంది. కొత్తది ఎంచుకునేటప్పుడు ఆకారం కలిస్తే చాలదు. రెండు పిన్నుల స్విచ్‌లో లైట్ల దారి మాత్రమే ఉంటుంది. నాలుగు పిన్నుల దానిలో సాధారణంగా రెండు దారులుంటాయి, పెడల్ వదిలి ఉన్నప్పుడు ఒకటి తెరుచుకుని, రెండోది మూసుకుని ఉంటుంది, ఈ రెండోది ఇంజన్ కంట్రోల్‌కు, క్రూజ్‌కు సంకేతమిస్తుంది. పార్ట్ నంబరు సరిపోల్చి, వీలైతే కంపెనీ అసలు భాగాన్నే తీసుకోండి. ఇంత చిన్న భాగంలో చవకదానికీ అసలుదానికీ ఉండే తేడా కోసం బ్రేక్ సంకేతాన్ని పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు. ఇక, స్విచ్ పదేపదే కాలిపోతుంటే తప్పు స్విచ్‌ది కాకపోవచ్చు. ఎక్కువ వాట్ల బల్బులు వేశారేమో, ట్రైలర్ లైట్లను రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటు దారిని తెరిచి మూసే స్విచ్) లేకుండా అదే తీగకు కలిపారేమో చూడాలి.

లైటు నిజం చెబుతున్నప్పుడు

అన్నిటికంటే శ్రద్ధగా ఆలోచించవలసిన సందర్భం ఇది. బొటనవేలితో ఎత్తితే లైటు ఆరింది, వదిలితే మళ్లీ వెలిగింది, స్విచ్ అమరిక మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అంటే పెడల్ నిజంగానే కొంచెం తొక్కిన స్థితిలో ఉంది, లైటు చెబుతున్నది అబద్ధం కాదు. ఇప్పుడు స్విచ్‌ను జరిపి లైటు ఆర్పితే మనకు హెచ్చరిక చేస్తున్న ఒకే ఒక్క గుర్తును మూసేసినట్టవుతుంది.

కారణం చాప ముడత పెడల్ కిందికి చేరడం వంటి చిన్నది కావచ్చు. పెడల్ ఇరుసు తుప్పు పట్టి ఉండవచ్చు, రిటర్న్ స్ప్రింగు ఊడి ఉండవచ్చు. వీటిని శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, స్ప్రింగు మార్చి సరిచేసుకోవచ్చు. అలా కాకుండా తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ లోపల తోసే కడ్డీ పొడవు తప్పినా, బ్రేక్ ఆయిల్‌లో ఖనిజ నూనె కలిసి మాస్టర్ సిలిండర్ రబ్బర్లు ఉబ్బినా అది ఇంట్లో చేసే పని కాదు. పరీక్షకు కారును కొద్ది దూరం నెమ్మదిగా నడిపి, బ్రేకు వీలైనంత తక్కువ వాడి ఆపి, చక్రాల దగ్గర అరచేయి చాచి వేడిని గమనించండి. డిస్కును ముట్టుకోకండి, కాలుతుంది. సమతల నేల మీద న్యూట్రల్‌లో తోస్తే కారు కదలడానికి మొరాయించినా, చక్రం నుంచి మాడు వాసన వచ్చినా దాన్ని నడుపుకుంటూ వర్క్‌షాపుకు తీసుకెళ్లవద్దు, లాగించుకునో ఎక్కించుకునో పంపండి. పట్టుకున్న బ్రేకుల వేడికి ఆయిల్ మరిగితే ఆవిరి చేరి, పెడల్ నేలదాకా పోయినా కారు ఆగని స్థితి వస్తుంది.

పాత కార్లు కొన్నింటిలో స్విచ్ పెడల్ దగ్గర ఉండదు, బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే స్విచ్ మాస్టర్ సిలిండర్‌కో దాని గొట్టానికో బిగించి ఉంటుంది. అది విప్పితే ఆయిల్ కారుతుంది, గాలి చేరుతుంది, తరువాత బ్రేకులు బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీయాలి. ఆ పనిలో అనుభవం లేనివారు అటు పోకూడదు.

కనెక్టర్ తీసినా ఆరకపోతే

అప్పుడు మూడు అనుమానాలు మిగులుతాయి: రిలే, వైరింగ్, కంట్రోల్ మాడ్యూల్ (లైట్ల వంటివాటిని నడిపే కారులోని చిన్న కంప్యూటర్). రిలే ఉన్న కారైతే ముందు దాన్నే చూడండి, ఎందుకంటే ఫ్యూజ్ పెట్టెలోనే ఉన్న అదే రకం రిలేను తెచ్చి పెట్టి చూస్తే క్షణాల్లో తేలిపోతుంది. అతుక్కున్న రిలేను తట్టి విడిపించి వాడుకోవద్దు, మార్చండి.

వైరింగ్ వెతకాలంటే తీగలు వంగే చోట్లు, తడిసే చోట్లు, బయటివారు చేయి పెట్టిన చోట్లు చూడాలి. డిక్కీ తలుపు మడత దగ్గరి రబ్బరు గొట్టంలో తీగల తొడుగులు పగిలి ఒకదానికొకటి తగలడం, వెనక ల్యాంపులో నీరు చేరి కనెక్టర్ పచ్చబడడం, ట్రైలర్ సాకెట్టులో మట్టి నిండడం, కెమెరా లేదా అలారం పెట్టినవారు బ్రేక్ తీగను గుచ్చి కరెంటు తీసుకోవడం తరచుగా ఎదురయ్యేవి. డిక్కీ తెరిచి మూస్తున్నప్పుడు లైటు ఆరి వెలిగితే వెతుకులాట అక్కడే ముగుస్తుంది. ఇక్కడ టెస్టు ల్యాంపు, మల్టీమీటర్ రెండూ పనికివస్తాయి గానీ, కంట్రోల్ మాడ్యూల్ ఉన్న కార్లలో మల్టీమీటరే వాడాలి. బల్బు రకం టెస్టు ల్యాంపు లాగే కరెంటు మాడ్యూల్‌ను దెబ్బతీయగలదు.

కొత్త కార్లలో స్విచ్ సంకేతం మాడ్యూల్‌కు వెళ్లి, లైట్లను అదే వెలిగిస్తుంది. అలాంటి కారుకు స్కానర్ (ఆ మాడ్యూల్‌లోని లోపాల కోడ్‌లను చదివే పరికరం) లేకుండా భాగాలు మార్చడం డబ్బు దండగ. పీ 0571 అన్న కోడ్ బ్రేక్ స్విచ్ దారిలో లోపం ఉందని చెబుతుంది, పీ 0504 రెండు దారులూ ఒకదానితో ఒకటి పొసగడం లేదని చెబుతుంది. రెండింటిలో ఏదీ స్విచ్ పాడైందన్న తీర్పు కాదు. రాలిన స్టాపర్ వల్ల కూడా ఈ కోడ్‌లు రావచ్చు. స్కానర్‌లో లైవ్ డేటా, అంటే మాడ్యూల్‌కు ఆ క్షణంలో అందుతున్న సంకేతాలు, తెరిచి పెడల్ తొక్కుతూ వదులుతూ చూడండి. వదిలినప్పుడు తొక్కలేదనే చూపిస్తూ లైట్లు మాత్రం వెలుగుతుంటే లోపం మాడ్యూల్ తరువాత ఉంది. తొక్కినట్టే చూపిస్తుంటే మళ్లీ పెడల్ దగ్గరికి రావాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది కూడా దీన్ని బట్టే తేలుతుంది. స్టాపర్, మరల స్విచ్ సర్దుబాటు, బల్బు, రిలే మనం చేసుకోదగినవి. పెడల్ రాకపోవడం, ఆయిల్ ఒత్తిడి స్విచ్ బ్రేకుల పని తెలిసిన మెకానిక్కువి. తీగల షార్టును ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాలి, ఎందుకంటే వెతకడంలో పోయే సమయం అనుభవం ఉన్నవారికి సగం కూడా పట్టదు. మాడ్యూల్ మార్చాలని ఎవరైనా చెబితే లైవ్ డేటా చూపించమని అడగండి, చూపించలేనివారి చేత మార్పించకండి.

ఏ మరమ్మతు చేసినా చివరి పరీక్ష ఒకటే. పెడల్‌ను వేలి బలంతో, బ్రేకు పట్టడం మొదలవకముందే ఆగిపోయేంత నెమ్మదిగా నొక్కితే మూడు లైట్లూ వెలగాలి, వదలగానే మూడూ ఆరాలి. ఇంజన్ నడుస్తుండగా ఇరవైసార్లు అలా చేసి చూడండి. ఆపై కొంత దూరం నడిపి, చక్రాల వేడి చూసి, క్రూజ్ ఉంటే అది పట్టుకుంటోందో లేదో చూసి, ఆటోమేటిక్ అయితే బ్రేక్ తొక్కకుండా గేర్ కదలడం లేదని నిర్ధారించుకోండి. ఆ రాత్రి తాళం వేశాక ఒకసారి, పది నిమిషాల తరువాత మరొకసారి కారు వెనక నుంచి చూడండి.